దీర్ఘశ్రమ వ్యాయామం – గుండె

దూరపు నడక, పరుగు, ఈత వంటివి నెలల తరబడి సాగితే గుండెలో వచ్చే మార్పులను ‘అథ్లెట్ గుండె’ అంటారు. 1899లో స్వీడన్ వైద్యుడు హెన్షెన్ స్కీయింగ్ చేసేవారిలో దీన్ని గుర్తించాడు; అదీ ఛాతీపై వేళ్లతో తట్టి చూసి! ఎడమ జఠరిక విశాలమై ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం నెడుతుంది. అందుకే విశ్రాంతిలో సాధారణంగా నిమిషానికి 60–100 ఉండే నాడి వీరిలో 40 దగ్గరికి దిగినా, వేరే లక్షణాలు లేకపోతే, దాన్ని రోగంగా చూడరు. సాధన మానేస్తే ఈ మార్పులు చాలావరకు వెనక్కి పోతాయి.

కడప జిల్లాలో దీర్ఘశ్రమ అంటే మారథాన్ కన్నా పాదయాత్రే ముందు గుర్తొస్తుంది. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేసిన పులివెందుల నేత వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003 వేసవిలో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా దాదాపు 1,500 కిలోమీటర్లు నడిచారు. రాజమండ్రిలో ఎండదెబ్బకు మంచం పట్టారు. ఆయన కుమారుడు జగన్‌మోహన్‌రెడ్డి 2017 నవంబరు 6న ఇడుపులపాయలో బయల్దేరి, 341 రోజుల నడకలో 3,648 కిలోమీటర్లు పూర్తిచేశారు. సగటు రోజుకు 11 కిలోమీటర్ల లోపే. అలవాటున్న గుండెకు ఈ దూరం పెద్ద లెక్క కాదు, అసలు పరీక్ష ఎండది. చెమటతో రక్తంలోని నీటి భాగం తగ్గుతుంది, ఒంటిని చల్లార్చడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది. దాంతో ప్రొద్దుటూరు మే ఎండలో నడక వేగం పెంచకపోయినా నాడి పెరుగుతూనే ఉంటుంది.