షుగర్, బీపీ, కిడ్నీ జబ్బుతో విదేశాలకు వెళ్తున్నారా..? టీకాల నుంచి మందుల సంచి వరకు ఈ జాగ్రత్తలు తప్పనిసరి

అమెరికాలో కూతురి పురుడుకు వెళ్లే అమ్మ, హజ్‌కు బయలుదేరే పెద్దాయన, నైజీరియాలో ఉద్యోగం వచ్చిన ఇంజినీర్.. తెలుగు రాష్ట్రాల నుంచి విదేశాలకు వెళ్లేవారిలో రోజూ మందులు వాడేవాళ్లు చాలామందే ఉంటారు. వీసా, టికెట్, లగేజీ బరువు గురించి నెలల ముందే ఆలోచిస్తారు. టీకాలు, మందుల సంగతి మాత్రం చివరి వారానికి వదిలేస్తారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

దీర్ఘకాలిక జబ్బు ఉన్నంత మాత్రాన ప్రయాణం మానుకోవాల్సిన పని లేదు. కానీ మిగతా వాళ్లకు రక్షణ ఇచ్చే టీకా కొందరికి ప్రమాదం కావచ్చు. ఇక్కడ చీటీ మీద మామూలుగా దొరికే మాత్ర ఇంకో దేశంలో కేసు తెచ్చిపెట్టొచ్చు. ఎవరెవరు ఏం చూసుకోవాలో ఇక్కడ తెలుసుకుందాం..

ఆరు వారాల ముందే డాక్టర్ దగ్గరికి ఎందుకు?

టీకా వేయించుకున్న వెంటనే రక్షణ రాదు. శరీరంలో యాంటీబాడీలు తయారవడానికి సాధారణంగా రెండు వారాలు పడుతుంది. కొన్నింటికి ఒకటి కంటే ఎక్కువ డోసులు కావాలి. ఉదాహరణకు హెపటైటిస్-బి టీకాను మామూలుగా 0, 1, 6 నెలల్లో మూడు డోసులుగా వేస్తారు. అందుకే ప్రయాణానికి కనీసం 6 నుంచి 8 వారాల ముందే, రోజూ చూసే డాక్టర్‌ను కలవాలి. ఏ దేశం, ఎన్ని రోజులు, మధ్యలో ఏ దేశంలో ఆగుతారు అనే మూడు విషయాలు తప్పకుండా చెప్పాలి. షుగర్, బీపీ అదుపులో లేకపోతే మందులు మార్చి చూసుకోవడానికి కూడా ఈ సమయం సరిపోతుంది. కొత్త మందు మొదలుపెట్టి రెండో రోజే విమానం ఎక్కడం మంచిది కాదు.

అందరికీ అన్ని టీకాలు పడవు

టీకాల్లో ప్రధానంగా రెండు రకాలు ఉంటాయి. ఒకటి, బలహీనపరిచిన సజీవ క్రిమితో చేసే లైవ్ టీకాలు. ఎల్లో ఫీవర్, ఎంఎంఆర్, చికెన్‌పాక్స్, ముక్కులో స్ప్రే చేసే ఫ్లూ టీకా ఈ కోవలోకి వస్తాయి. రెండోది, సజీవ క్రిమి లేని టీకాలు. ఫ్లూ ఇంజెక్షన్, న్యుమోనియా, హెపటైటిస్-ఎ ఇంజెక్షన్‌లో కొన్ని రకాలు, హెపటైటిస్-బి, మెనింజైటిస్, టెటనస్ టీకాలు ఇవి.

షుగర్, బీపీ, థైరాయిడ్ ఉన్నాయన్న ఒక్క కారణంతో లైవ్ టీకా ఆపాల్సిన అవసరం లేదు. కానీ రోగనిరోధక శక్తి బాగా తగ్గిన వారికి మాత్రం ఇవి సాధారణంగా ఇవ్వరు. కిడ్నీ, లివర్ మార్పిడి చేయించుకున్నవారు, కీమోథెరపీలో ఉన్నవారు, కీళ్లవాతం లాంటి జబ్బులకు బయోలాజిక్ ఇంజెక్షన్లు వాడేవారు ఈ జాబితాలో ఉంటారు. ప్రెడ్నిసోలోన్ రోజుకు 20 ఎంజీ లేదా అంతకంటే ఎక్కువ మోతాదులో రెండు వారాలు, ఆపైన వాడినవారిని కూడా ఇలాగే చూస్తారు. ఆస్తమాకు, ఒంటినొప్పులకు స్టెరాయిడ్ మాత్రలు వాడుతూ ఆ సంగతి టీకా కేంద్రంలో చెప్పని వాళ్లు ఉంటారు. వాడుతున్న మందుల చీటీ మొత్తం చూపించాల్సిందే. అలాగని టీకా కోసం స్టెరాయిడ్‌ను సొంతంగా ఆపేయకూడదు, అది మరింత ప్రమాదం.

వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారు కూడా టీకాలు వేయించుకోవచ్చు. ముందే చెబితే సన్నని సూది వాడతారు. ఇంజెక్షన్ తర్వాత రుద్దకుండా రెండు నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకుంటే చాలు.

ఆఫ్రికా, దక్షిణ అమెరికా వెళ్లేవారికి ఎల్లో ఫీవర్ కార్డు

కెన్యా, ఉగాండా, నైజీరియా, ఘనా, బ్రెజిల్ లాంటి దేశాలకు వెళ్లాలంటే ఎల్లో ఫీవర్ టీకా చూసుకోవాలి. ఒకే డోసు. వేయించుకున్న 10 రోజుల తర్వాతే పసుపు రంగు అంతర్జాతీయ సర్టిఫికెట్ చెల్లుతుంది. 2016 జూలై నుంచి ఈ సర్టిఫికెట్‌కు జీవితకాలం చెల్లుబాటు ఉంది. ప్రతి పదేళ్లకు మళ్లీ వేయించుకోవాలన్న పాత నిబంధన ఇప్పుడు లేదు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో వేయించుకుంటేనే సర్టిఫికెట్ చెల్లుతుంది.

చాలామంది మర్చిపోయేది తిరుగు ప్రయాణం. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి సర్టిఫికెట్ లేకుండా భారత్‌లో దిగితే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

60 ఏళ్లు దాటి మొదటిసారి ఈ టీకా వేయించుకునేవారిలో తీవ్రమైన దుష్ప్రభావాల ముప్పు కొంత ఎక్కువ. గుడ్డు తింటే తీవ్రమైన అలర్జీ వచ్చేవారికి, థైమస్ గ్రంథి జబ్బు ఉన్నవారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఇది సరిపడదు. అలాంటివారికి డాక్టర్ మినహాయింపు పత్రం రాసిస్తారు. కానీ ఆ పత్రం దోమను ఆపదు. వెళ్లే దేశం దాన్ని ఒప్పుకుంటుందో లేదో రాయబార కార్యాలయంలో ముందే కనుక్కోవాలి. ప్రయాణం తప్పనిసరా కాదా అని కూడా ఆలోచించుకోవాలి.

ఆఫ్రికాలో చాలాచోట్ల మలేరియా మాత్రలు కూడా అవసరం. వీటిని పక్కింటి వాళ్లు వాడారని కొనేయకూడదు. ఫిట్స్, మానసిక సమస్యలు ఉన్నవారికి మెఫ్లోక్విన్ ఇవ్వరు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవారికి అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ నివారణ మాత్రగా పనికిరాదు. క్రియాటినిన్ రిపోర్టు చూశాకే డాక్టర్ మందు ఎంచుకుంటారు.

హజ్, ఉమ్రా యాత్రికులు ఇవి చూసుకోవాలి

హజ్, ఉమ్రాకు వెళ్లేవారికి మెనింజైటిస్ టీకాను సౌదీ అరేబియా తప్పనిసరి చేసింది. ఎ, సి, వై, డబ్ల్యూ-135 అనే నాలుగు రకాల నుంచి రక్షణ ఇచ్చే టీకా అయి ఉండాలి. అక్కడ దిగడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. టీకా రకాన్ని బట్టి సర్టిఫికెట్ 3 లేదా 5 ఏళ్లు చెల్లుతుంది. వయసు పైబడినవారు, షుగర్, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవారు ఫ్లూ, న్యుమోనియా టీకాలు కూడా వేయించుకుంటే మంచిది. లక్షల మంది ఒకేచోట ఉంటారు కాబట్టి దగ్గు, జలుబు త్వరగా అంటుకుంటాయి.

ఎండ ఇంకా పెద్ద ముప్పు. 2024 హజ్ సమయంలో మక్కాలో ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటింది. 1,301 మంది చనిపోయినట్లు సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో 83 శాతం అనుమతి లేకుండా వచ్చి, నీడ లేకుండా ఎండలో చాలా దూరం నడిచినవారే. మృతుల్లో వృద్ధులు, దీర్ఘకాలిక రోగులు కూడా ఉన్నారని తెలిపింది.

నీళ్ల మాత్రలుగా పిలిచే బీపీ మందులు, కొన్ని షుగర్ మందులు శరీరంలో నీటిని తగ్గిస్తాయి. వాంతులు, విరేచనాలు అయిన రోజు ఏ మాత్ర ఆపాలి, ఏది ఆపకూడదు అన్నది ముందే డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోవాలి. గుండె, కిడ్నీ రోగులకు రోజుకు ఇన్ని నీళ్లే అని పరిమితి ఉంటే, ఎండలో ఎంత వరకు పెంచొచ్చో కూడా అడగాలి. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవారికి వేడి నేల తగిలినా తెలియదు, బొబ్బలు వస్తాయి. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి.

అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు..

విజిటర్ వీసా మీద అమెరికా వెళ్లేవారికి ప్రస్తుతం తప్పనిసరి టీకా ఏదీ లేదు. కొవిడ్ టీకా నిబంధనను 2023 మే 12 నుంచి ఎత్తేశారు. తప్పనిసరి కాదంటే అవసరం లేదని కాదు. చలికాలంలో వెళ్తే ఫ్లూ ఇంజెక్షన్, వయసును, జబ్బును బట్టి న్యుమోనియా టీకా వేయించుకోవాలి. 50 ఏళ్లు దాటినవారు హెర్పిస్ జోస్టర్ టీకా గురించి కూడా డాక్టర్‌ను అడగొచ్చు. ఇప్పుడు భారత్‌లో దొరికే కొత్త రకం లైవ్ టీకా కాదు. కానీ దీన్ని రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు డోసులుగా వేయాలి, కాబట్టి ముందే మొదలుపెట్టాలి.

మనవడిని, మనవరాలిని ఎత్తుకోవడానికి వెళ్లేవారు కోరింత దగ్గు నుంచి రక్షణ ఇచ్చే టీడాప్ టీకా కూడా వేయించుకోవడం మంచిది. తాతకో, అమ్మమ్మకో మామూలు దగ్గుగా పోయేది పసిబిడ్డ ప్రాణం మీదికి తేవచ్చు.

ఇన్సులిన్ వాడేవారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి..

ఇన్సులిన్‌ను చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు. కార్గోలో చలికి గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. చేతి సంచిలోనే ఉంచుకోవాలి. విమానంలోకి 100 మి.లీ. మించి ద్రవాలు తీసుకెళ్లకూడదన్న నిబంధన నుంచి అవసరమైన మందులకు మినహాయింపు ఉంటుంది. డాక్టర్ లేఖ మాత్రం దగ్గరుండాలి.

అసలు ప్రమాదం సిరంజిలో ఉంది. మన దగ్గర మెడికల్ షాపుల్లో దొరికే ఇన్సులిన్ సీసాల్లో చాలా వరకు ఒక మి.లీ.లో 40 యూనిట్లు ఉంటాయి. వాటికి ఎర్ర మూత ఉన్న యూ-40 సిరంజి వాడతారు. అమెరికా సహా చాలా దేశాల్లో ఒక మి.లీ.లో 100 యూనిట్లు ఉండే సీసాలే దొరుకుతాయి. అక్కడ కొన్న సీసా నుంచి ఇక్కడి ఎర్ర మూత సిరంజితో మందు తీస్తే, శరీరంలోకి రెండున్నర రెట్లు ఎక్కువ ఇన్సులిన్ వెళ్తుంది. షుగర్ ఒక్కసారిగా పడిపోయి ప్రాణాపాయం రావచ్చు. అందుకే అవసరానికి మించి కొంత అదనంగా మందు, సిరంజిలు ఇక్కడి నుంచే తీసుకెళ్లాలి. అక్కడ కొనాల్సి వస్తే సీసా, సిరంజి రెండూ అక్కడివే కొనాలి.

హైదరాబాద్ నుంచి అమెరికాకు పడమర వైపు వెళ్తుంటే రోజు సాగుతుంది. తిరిగొచ్చేటప్పుడు కుదించుకుపోతుంది. దాన్ని బట్టి ఇన్సులిన్ మోతాదు ఎలా మార్చాలో డాక్టర్‌తో టైమ్‌టేబుల్ వేయించుకోవాలి. భోజనం ట్రే ముందుకు వచ్చాకే ఇంజెక్షన్ చేసుకోవాలి. జేబులో గ్లూకోజ్ బిళ్లలు గానీ, చాక్లెట్ గానీ ఉండాలి.

గల్ఫ్‌కు మందులు తీసుకెళ్లేటప్పుడు జాగ్రత్త

నొప్పులకు వాడే ట్రమడాల్, దగ్గు మందుల్లో ఉండే కోడీన్, నిద్రకు వాడే ఆల్ప్రాజొలామ్ గల్ఫ్ దేశాల్లో నియంత్రిత మందులు. షుగర్ రోగులకు కాళ్ల తిమ్మిర్లు, మంటలకు రాసే ప్రీగాబాలిన్ కూడా యూఏఈ, సౌదీలలో ఈ జాబితాలోనే ఉంది. ఇవి వాడుతుంటే అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందస్తు అనుమతి తీసుకోవాలి. పక్కింటివాళ్లు తమ పిల్లలకు ఇవ్వమన్న మందుల పొట్లం తీసుకెళ్లడం అసలు వద్దు.

మందులన్నీ ఒరిజినల్ ప్యాకెట్లలోనే ఉండాలి. బ్రాండ్ పేర్లు ఇతర దేశాల్లో తెలియవు. అందుకే మందు అసలు పేరు, మోతాదు, జబ్బు పేరు ఇంగ్లిష్‌లో టైప్ చేయించి, డాక్టర్ సంతకం, ముద్రతో తీసుకెళ్లాలి. ఒక కాపీ ఫోన్‌లో కూడా ఉంచుకోవాలి.

గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీ రోగులకు..

విమానం లోపలి గాలి ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల ఎత్తైన కొండ మీద ఉన్నట్లు ఉంటుంది. ఆక్సిజన్ కొంత తగ్గుతుంది. నాలుగడుగులు నడిస్తేనే ఆయాసం వచ్చేవారు, ఇటీవలే గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు డాక్టర్ అనుమతి లేకుండా ఎక్కకూడదు. సొంత ఆక్సిజన్ సిలిండర్‌ను విమానయాన సంస్థలు సాధారణంగా అనుమతించవు. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ కావాలంటే ముందుగానే వైద్య పత్రం నింపి అనుమతి పొందాలి.

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. గంటకోసారి లేచి నడవాలి, పాదాలు పైకీ కిందికీ ఆడించాలి.

డయాలసిస్ రోగులు వెళ్లే ఊళ్లో స్లాట్ బుక్ అయ్యాకే టికెట్ కొనాలి. అక్కడి కేంద్రాలు హెపటైటిస్-బి, సి, హెచ్‌ఐవీ రిపోర్టులు అడుగుతాయి. ప్లీహం తీసేసిన వారికి, సికిల్ సెల్ జబ్బు ఉన్నవారికి న్యుమోనియా, మెనింజైటిస్, హిబ్ టీకాలు ముఖ్యం. ఎందుకంటే వీరికి ఇన్ఫెక్షన్ గంటల్లోనే ముదరొచ్చు.

ఇన్సూరెన్స్‌లో జబ్బు దాచొద్దు

ప్రీమియం తగ్గుతుందని షుగర్, బీపీ ఉన్నట్లు చెప్పకపోతే క్లెయిమ్ తిరస్కరిస్తారు. ముందే ఉన్న జబ్బులకు చాలా పాలసీల్లో కవరేజీ ఉండదు. ఉన్నా అత్యవసర చికిత్సకే, అదీ ఒక పరిమితి వరకే. పాలసీ కొనేముందు 'ముందే ఉన్న జబ్బులు' అనే భాగాన్ని పిల్లలతో చదివించుకుని అర్థం చేసుకోవాలి.

తిరిగొచ్చాక జ్వరం వస్తే..

మలేరియా ఉన్న దేశం నుంచి వచ్చాక వారాలు, ఒక్కోసారి నెలల తర్వాత కూడా జ్వరం బయటపడొచ్చు. మామూలు జ్వరమే అని పారాసిటమాల్‌తో సరిపెట్టుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి. ఏ దేశం వెళ్లొచ్చారో డాక్టర్ అడగకపోయినా చెప్పాలి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. దేశాల టీకా నిబంధనలు మారుతుంటాయి. బయలుదేరే ముందు అధికారిక సమాచారం సరిచూసుకుని, మీ డాక్టర్ సలహా మేరకే టీకాలు, మందులు తీసుకోవాలి.