పంచాంగంలో లేని వెలుగు

ఉగాదినాడు పంచాంగశ్రవణము చేయునప్పుడు ఆ యేట రాబోవు గ్రహణములేవో, ఏనాడు ఎన్ని గడియలకు పట్టునో పురోహితుడు చదివి వినిపిస్తాడు. ఏడాది ముందే కాదు, నూరేళ్ళ ముందైనా లెక్కకట్టి చెప్పగల సంగతి అది. ఆకాశపు వింతలలో ఏ పంచాంగమునకూ అందనిది ఒకటున్నది. పాశ్చాత్యులు అరోరా అనీ, మనవారు ధ్రువజ్యోతి అనీ పిలిచే వెలుగు. అది నార్వే, ఐస్‌లాండు, కెనడాల సొత్తని లోకుల అభిప్రాయము. ఇక్కడ పుట్టిన మన పిల్లలైతే అది తమ దేశపు వెలుగనీ, దాని ముందు మనము చుట్టపుచూపుగా వచ్చినవారమనీ తలుస్తారు. ఆ మాట సరికాదని చూపుటకే ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాము.

మేము మోర్ధానా వారము. తమిళనాడులో వేలూరు జిల్లా, గుడియాత్తం దగ్గర, ఆంధ్ర సరిహద్దును ఆనుకొని, కౌండిన్య నది ఆనకట్ట చెంతనున్న ఊరు. నది పలమనేరు వైపునుండి వస్తుంది; అప్పుడప్పుడు ఏనుగులూ అటునుండే వస్తాయి. బ్రతుకుతెరువుకై ఇంగ్లండు చేరిన మేము 2024 మే 10, శుక్రవారము రాత్రి పదకొండు దాటిన తరువాత, ఇరుగుపొరుగుతో పాటు వీథి చివరి మైదానములోకి వెళ్ళి నిలుచున్నాము. మొదట కనిపించినది పొయ్యి ఆరిన తరువాత మిగిలే పొగవంటి బూడిదరంగు మాత్రమే. కన్ను చీకటికి అలవడిన కొద్దీ అందులో గులాబి, ఆకుపచ్చ చారలు తేలినవి. కొంతసేపటికి ఆ చారలన్నీ నడినెత్తికి ఎగబ్రాకి గొడుగు ఊచలవలె ఒకచోట కలిసినవి. చప్పుడు లేదు. ఫోటోలలో కనిపించేంత ముదురు రంగు కంటికి కనిపించదని కూడ నిజము చెప్పవలెను. అయినను ఆ కదలిక ఉన్నదే, అది ఏ ఫోటోకూ చిక్కదు.

ఊరికి ఫోను చేస్తే అక్కడ తెల్లవారుజాము నాలుగు. వాకిట నీళ్ళు చల్లుతున్న మా అవ్వ అంతా విని, "ఏం నాయనా, ఆకాశం అట్ల ఎర్రబడితే ఊరికి మంచిదా, చెరుపా?" అని అడిగింది.

అవ్వ ప్రశ్న పాతది. వరాహమిహిరుడు బృహత్సంహితలో దిగ్దాహమునకు, అనగా దిక్కులు మండుచున్నట్లు కనిపించుటకు, ఒక అధ్యాయమే కేటాయించి, ఏ రంగుకు ఏ ఫలమో చెప్పినాడు. అదంతా ధ్రువజ్యోతియే అని గంతులు వేయువారితో మేము ఏకీభవించము. కార్చిచ్చు కావచ్చు, దుమ్ము కావచ్చు. కాని మన దేశమున నిజముగా ధ్రువజ్యోతి కనిపించిన రాత్రి ఒకటి చరిత్రకెక్కియున్నది. అది 1872 ఫిబ్రవరి 4. ఆ రాత్రి బొంబాయివారు దానిని చూచినట్లు నాటి పత్రిక వ్రాసినది. ఏడెన్ దిక్కుకు పోవు సముద్రపు తంతి కూడ ఆనాడు చెడినది. విషువద్రేఖకు పంతొమ్మిది డిగ్రీల దూరమున నున్న ఊరికి ఉత్తర ధ్రువపు వెలుగు వచ్చుటయా అని కొందరు సందేహించిరి. 2023లో జపాను దేశపు హయకావా మొదలైన పండితులు నానాదేశముల చూపరుల వ్రాతలనూ, అయస్కాంత కొలతలనూ జోడించి, అది మహా తుఫాను లలో ఒకటని తేల్చినారు.

ఆ అయస్కాంత కొలతలలో ముఖ్యమైనవి బొంబాయి కొలాబా వేధశాలవి. దాని లెక్కలకు అంతకుముందే ఒక ఘనత కలదు. 1859 సెప్టెంబరు 1న రిచర్డ్ కారింగ్టన్ ఇంగ్లండులో సూర్యుని మచ్చలు గీయుచుండగా, వాటి నడుమ తెల్లని వెలుగు తళుక్కుమన్నది. పదునెనిమిది గంటలైనా కాకముందే భూమి చుట్టూ అయస్కాంత తుఫాను చెలరేగినది. అమెరికాలో కొన్ని తంతి తీగలు బ్యాటరీ లేకుండనే పనిచేసినవి. కొలాబాలో సూది సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయినట్లు ఉద్యోగులు వ్రాసిపెట్టిరి. అప్పుడక్కడ పట్టపగలు గనుక ఆకాశమున చూచుటకేమీ లేదు. ఆ పుస్తకములో మాత్రము మిగిలినది. నూటనలుబది నాలుగేండ్ల తరువాత, 2003లో, శాస్త్రజ్ఞులు ఆ తుఫాను బలము కట్టుటకు ఆ అంకెలనే ఆశ్రయించిరి. వేళ తప్పక సూది చూచి అంకె వేసిన ఆ గుమాస్తాలకు మేము చేతులెత్తి మ్రొక్కుతాము. తరువాత బొంబాయికి ఎలెక్ట్రిక్ ట్రాములు రానుండగా, వాటి కరెంటు సూదిని కదలించునని 1904లో ఆ పనిని అలీబాగునకు మార్చిరి.

సూర్యునినుండి ఎగసిన విద్యుత్కణముల మేఘము భూమి అయస్కాంత వలయమును తాకగా, కణములు పైగాలిలోని ఆక్సిజనును వెలిగించును. నేలకు నూరు, నూటయేబది కిలోమీటర్ల ఎత్తున ఆకుపచ్చ. రెండువందలకు పైన ఎరుపు. మా కొండలలో వేసవి మంట లేచినప్పుడు, కొండ అవతలి మంట కనబడక పైకి లేచిన పొగకు అంటిన ఎరుపు మాత్రమే ఊరికి కనబడును. దక్షిణ దేశములకు ధ్రువజ్యోతి ఎరుపుగానే కనిపించుట అందువలననే. ఎత్తుననున్న ఎరుపే భూమి వంపు దాటి కనబడును.

మేము మైదానములో నిలుచున్న ఆ రాత్రే లడఖ్‌లోని హాన్లేలో, నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున, భారత ఖగోళ భౌతిక సంస్థవారి కెమెరాలకు ఉత్తరపు అంచున ఈ ఎరుపే చిక్కినది. ఆ సంస్థకు మా ఊరితో చుట్టరికము కలదు. గుడియాత్తమునకు నేరు దక్షిణమున, వాణియంబాడి దాటి జవ్వాది కొండలలోనున్న కావలూరు వేధశాల ఆ సంస్థదే. దానిని నెలకొల్పిన వైణు బప్పు, తండ్రి ఉద్యోగము చేసిన హైదరాబాదు నిజామియా వేధశాల నీడలో పెరిగి, నిజాము కళాశాలలో చదివినవాడు. ఆయన 1982లో గతించగా, అక్కడి 2.3 మీటర్ల దూరదర్శినికి 1986లో ఆయన పేరే పెట్టిరి.

ఈ సంస్థకు మూలము చూడబోతే మదరాసు వేధశాల. దాని అధికారి పోగ్సన్ 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము చూచుటకు మచిలీపట్టణము వెళ్ళినాడు. అదే గ్రహణమునకు ఫ్రాన్సునుండి జాన్సెన్ గుంటూరు వచ్చి, సూర్యుని అంచున లేచు ఎర్రని జ్వాలలు మండుచున్న వాయువులని వర్ణపటములో కనుగొని, మరునాడు గ్రహణము లేకుండనే వాటిని మరల చూచినాడు. ఇటువంటి జ్వాలలు కొన్ని తెగి ఆకాశమున పడుటయే అయస్కాంత తుఫానులకు ఒక కారణమని ఆనాటికి ఎవరికీ తెలియదు. 1892లో కూడ కెల్విన్ ప్రభువంతటివాడు సూర్యునికీ ఈ తుఫానులకూ సంబంధము లేదని వాదించినాడు.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి ఆదిత్య-ఎల్1 బయలుదేరినది. సూర్యుని కిరీటమును చూచు దాని ముఖ్య యంత్రమును కట్టినది మరల ఆ సంస్థయే. 2024 జనవరి 6న అది భూమికి పదునైదు లక్షల కిలోమీటర్ల దూరమున, సూర్యుని వైపు, తన చోటు చేరినది. మే నెల తుఫాను మేఘము మన మీదికి వచ్చుచు దానిని కూడ తాకిపోయినది. అక్కడ తాకిన సూర్యవాయువు భూమిని చేరుటకు మామూలుగా గంట పట్టును. తుఫాను వేళ అరగంట చాలు.