ఆటలకు వేసిన సరిహద్దు తాళము

ఒక దేశమున కొన్న గ్రామఫోను రికార్డు మరొక దేశపు యంత్రముపైనను పాడును. వీడియో ఆటలకు అట్టి స్వేచ్ఛ చిరకాలము లేకపోయెను.

ఇందుకు టెలివిజన్ భేదము కొంత కారణము. జపాను, అమెరికాలలో తెరపై సెకనుకు సుమారు 60 మారులు చిత్రము గీయబడగా, ఐరోపాలో 50 మారులే గీయబడుచుండెను. కాని జపాను, అమెరికాల పద్ధతులు దాదాపు ఒకటే. అయినను నింటెండో సంస్థ 1983లో జపానున వెలువరించిన ఫామికామ్ కార్ట్రిడ్జికి 60 లోహపు కొనలుండగా, 1985లో అమెరికాకు తెచ్చిన యంత్రపు కార్ట్రిడ్జికి 72 కొనలుండెను. అందు 4 కొనలు తాళపు చిప్పునకు చెందినవి.

1994లో జపానున వెలువడిన సోనీ ప్లేస్టేషన్ పద్ధతి ఇంకను సూక్ష్మమైనది. సి.డి. మొదటి భాగమున గాడిని స్వల్పముగా వంకరలు త్రిప్పి, అందు నాలుగక్షరముల సంకేతమును ఇమిడ్చిరి. దాని చివరి అక్షరము జపానునకు ‘ఐ’, అమెరికాకు ‘ఎ’, ఐరోపా, ఆస్ట్రేలియాలకు ‘ఇ’. తన ప్రాంతపు అక్షరము కనిపించిననే యంత్రము ఆటను ప్రారంభించును. ఇండ్లలోని సి.డి. రికార్డరు ఈ వంకరలను నకలు చేయజాలదు. ఈ విధముగా ఒకే తాళము దొంగ నకలును, విదేశమున న్యాయముగా కొన్న అసలు ఆటను గూడ అడ్డగించెను.

ఈ చిక్కు ఆస్ట్రేలియాలో న్యాయస్థానమునకెక్కినది. తాళమును తప్పించు చిప్పులను అమర్చిన వ్యక్తిపై సోనీ వ్యాజ్యమాడగా, ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము 2005లో సోనీ వాదమును అంగీకరింపలేదు. 2006లో చట్టమును మార్చి, నకలును నిరోధించు తాళములకు రక్షణ పెంచిరి. విదేశమున కొన్న అసలు ఆటను అడ్డగించు తాళమునకు మాత్రము ఆ రక్షణ నీయలేదు.

2017లో వెలువడిన నింటెండో స్విచ్ సాధారణముగా ఏ దేశపు ఆటనైనను స్వీకరించును. యంత్రము ఒక పని చేయనప్పుడు, అది చేయలేకనా, లేక చేయనీయకనా అని విచారించుట విద్యార్థులకు అవసరము.