పైకెత్తిన చెయ్యి

1977 అక్టోబర్ 2. లాస్ ఏంజెలెస్‌లోని డాడ్జర్ స్టేడియం. బేస్‌బాల్ లీగ్ సీజన్‌కి ఆఖరి రోజు. డస్టీ బేకర్ కొట్టిన బంతి గోడ దాటి పడింది. ఆ ఏడాది అతనికది ముప్పయ్యో హోమ్ రన్. బేస్‌లన్నీ చుట్టి పరుగున వస్తున్నాడు. ఆ తర్వాత బ్యాటింగ్‌కి దిగాల్సిన కుర్రాడు గ్లెన్ బర్క్. ఇంకా పాతికేళ్లు నిండలేదు. సంతోషం పట్టలేక వెనక్కి వంగి, చెయ్యి తలకంటే ఎత్తుకి లేపి నిలబడ్డాడు. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక బేకర్ తన చెయ్యీ ఎత్తి ఒక్కటి చరిచాడు. వెంటనే బర్క్ వెళ్లి, మేజర్ లీగ్‌లో తన మొట్టమొదటి హోమ్ రన్ కొట్టాడు. తిరిగొచ్చేసరికి ఈసారి బేకర్ చెయ్యి పైకి లేచి ఉంది.

వికెట్ పడగానే మన ఉప్పల్‌లోనూ ఆటగాళ్లు చరుచుకునే హై ఫైవ్ ఆ రోజే పుట్టిందని చాలామంది నమ్ముతారు.

బర్క్ గే. తోటి ఆటగాళ్లలో కొందరికి తెలుసు, వాళ్లకి అతనంటే ప్రాణం. బలం చూసి ‘కింగ్ కాంగ్’ అని పిలుచుకునేవాళ్లు. యాజమాన్యానికి మాత్రం మింగుడు పడలేదు. పెళ్లి చేసుకుంటే హనీమూన్‌కి 75,000 డాలర్లు ఇస్తామన్నారని, ‘ఆడపిల్లనా?’ అని తాను అడిగానని బర్క్ తర్వాత చెప్పాడు. 1978లో అతన్ని ఓక్‌లాండ్ జట్టుకి పంపేశారు. అక్కడి కొత్త మేనేజర్ కొత్తవాళ్లందరి ముందూ అతన్ని బూతు మాటతో పరిచయం చేశాడు. మోకాలి గాయం కూడా తోడై, ఇరవై ఏడేళ్లకే అతని బేస్‌బాల్ జీవితం ముగిసింది. మొత్తం 225 మ్యాచ్‌లు, రెండే హోమ్ రన్‌లు. ఈ లెక్క చూస్తే నాకు కడుపు మండుతుంది.

అక్కణ్ణించి అతను శాన్ ఫ్రాన్సిస్కోలోని కాస్ట్రో పేటకి వెళ్లాడు. దాచుకోకుండా బతకగలిగిన చోటు అది. అక్కడి గే సాఫ్ట్‌బాల్ లీగ్‌లో ఒక్కో జట్టు వెనకా ఒక్కో బార్ ఉండేది. బర్క్ ‘పెండులమ్’ అనే బార్ జట్టుకి ఆడాడు.

సాఫ్ట్‌బాల్ పేరుకే మెత్తన. బంతి బేస్‌బాల్ కంటే పెద్దది. చెయ్యి కింది నుంచి ఊపి వేస్తారు. మైదానం చిన్నది, ఇన్నింగ్స్ ఏడే. వారమంతా ఎక్కడెక్కడో పనిచేసి, సెలవు రోజున గ్లవ్ చంకలో పెట్టుకుని వచ్చేవాళ్ల ఆట. వాళ్లలో చాలామంది చిన్నప్పుడు స్కూల్ మైదానంలో ‘వీడికి ఆట ఎక్కడొస్తుంది’ అనిపించుకున్నవాళ్లే. అలాంటివాళ్ల మధ్య వరల్డ్ సిరీస్ ఆడినవాడు బ్యాటు పట్టుకుని నిలబడ్డాడంటే, వాళ్ల గుండె ఎంత పొంగి ఉంటుందో ఊహించండి. 1982లో బర్క్ ఒక పత్రికలో తాను గే అన్న సంగతి తానే ప్రపంచానికి చెప్పాడు. అదే ఏడు ఆ ఊళ్లోనే మొదటి గే గేమ్స్ జరిగితే పరుగుపందేల్లో పతకాలు గెలిచాడు.

తర్వాతి కథ చెప్పడం కష్టం. 1987లో రోడ్డు దాటుతుంటే కారు గుద్ది కాలు విరిగింది. మత్తుమందు, జైలు, ఇల్లు లేని రాత్రులు. ఆ పేటలో ఎన్నో ఇళ్లని ఖాళీ చేసిన ఎయిడ్స్ అతన్నీ వదల్లేదు. చివర్లో అక్క తన ఇంటికి తీసుకెళ్లి కంటికి రెప్పలా చూసుకుంది. 1995 మే 30న కన్నుమూశాడు. వయసు 42.

2022 జూన్ 3న డాడ్జర్ స్టేడియం బర్క్ కుటుంబాన్ని పిలిచి అతన్ని సత్కరించింది. పోయిన ఇరవై ఏడేళ్లకి.

కాస్ట్రో అన్నాళ్లు ఆగలేదు. సాయంత్రం పూట బర్క్ స్నేహితులతో కలిసి ఏదో ఒక కారు బానెట్ మీద కూర్చునేవాడు. దారిన పోయేవాళ్లు ఆగేవాళ్లు. అతను చెయ్యి పైకెత్తేవాడు. వాళ్లు వచ్చి, ఒకరి తర్వాత ఒకరు, ఆ అరచేతి మీద చరిచి వెళ్లేవాళ్లు.