పరీక్షా స్క్రిప్టుల పోషణ

2013లో డాకర్ వెలువడి, మరుసటి యేడు కుబర్నెటీస్ ప్రకటితమైన పిదప, క్షణములో పుట్టి క్షణములో గిట్టు కంటైనర్ల నడుమ ఏ ప్యాకెట్టు ఎవరికి చేరవలెనో శాసించు సాఫ్ట్‌వేర్లు వరుసగా బయలుదేరినవి. వానిలో సీలియమునకు తొలినాళ్ల పరీక్షలు పెక్కు బాష్ స్క్రిప్టులే. అవి వేగ్రాంట్ కల్పించిన వర్చువల్ యంత్రములలో నడిచెడివి. పిమ్మట ఆ స్థానమును గో భాషలోని గింకో అను పరీక్షా సాధనము ఆక్రమించెను.

ప్రదర్శనకు మాత్రము సీలియము కర్తలు ‘స్టార్ వార్స్’ కథను గైకొనిరి. డెత్‌స్టార్ అను సేవను కర్ల్ ఆజ్ఞతో ఏ నౌక యర్థించినను, మొదట ‘షిప్ ల్యాండెడ్’ అని బదులు వచ్చును. సామ్రాజ్యపు లేబుల్ గలవానికే ప్రవేశమను విధానము నమర్చినంతనే, ఆ లేబుల్ లేని ఎక్స్‌వింగ్ నౌక యర్థన ప్రత్యుత్తరము లేక నిలిచిపోవును. ఆ మౌనమే విజయము. అయితే సేవ ఇంకను లేవకున్నను, డీఎన్ఎస్ చెడినను అట్టి మౌనమే కలుగును గదా! కావున అనుమతి గల సామ్రాజ్యపు నౌక టైఫైటర్ దిగినదని ముందుగా రుజువుపరుపని స్క్రిప్టును నేను పరీక్షగా నంగీకరింపను.

ఇక పోషణభారమో, ఎడతెగనిది. 2019లో కుబర్నెటీస్ 1.16 డిప్లాయ్‌మెంట్లకు ‘ఎక్స్‌టెన్షన్స్/వీ1బీటా1’ అను పాత ఏపీఐ రూపమును తొలగింపగా, దానినే వాడుచుండిన ప్రదర్శనలు, సాఫ్ట్‌వేరులో ఏ దోషమును లేకయే, మొదటి ఆజ్ఞయందే విఫలములయ్యెను. ‘యాప్స్/వీ1’ అని దిద్ది, సెలెక్టరు లేనిచో చేర్చినగాని అవి మరల నడువలేదు.