రాతి మీది వైద్యం, నోటి మీది వైద్యం



వానాకాలం వస్తే చాలు, మా హాస్టల్లో తామర మొదలవుద్ది. ఈసారి మా రూంలో ఆరుగురిలో ఐదుగురికి అంటుకుంది. మందుల షాపులో అడిగి ఓ ట్యూబు తెచ్చి రాసుకున్నాం. రెండు రోజుల్లో దురద తగ్గింది, రెండు వారాలకి రెట్టింపై వచ్చింది. అందులో స్టెరాయిడ్ ఉందనీ, అది దురదను అణుస్తుందే గానీ ఫంగస్‌ను పెరగనిస్తుందనీ ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ చెప్పాక తెలిసింది.

అప్పుడు మా గూడెం తాత గుర్తొచ్చాడు. తామరకి సీమ అవిసె ఆకు నూరి పూసేవాడు. పసుపు పూలు కొవ్వొత్తుల్లా నిటారుగా నిలబడే చెట్టు అది. ఆ ఆకు గురించి వెతుకుతూ పోతే థాయిలాండ్ చరిత్ర దొరికింది. అది మన అందరికీ పనికొచ్చేదనిపించి రాస్తున్నాం.

థాయ్ భాషలో ఆ చెట్టు పేరు ‘చుంహెత్ థెత్’. థెత్ అంటే పరదేశపుది. మన ‘దేశం’ అనే మాట నుంచి వచ్చిందే. మనం సీమ అన్నా అదే అర్థం. నిజానికి ఆ చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండం. అంటే అక్కడి వైద్యులూ, ఇక్కడి తాతలూ కొత్తగా వచ్చిన మొక్కను వాడి చూసి తమ మందుల్లో కలుపుకున్నారు.

బ్యాంకాక్‌లో వాట్ ఫో అనే బౌద్ధ ఆలయం ఉంది. మూడో రామ రాజు 1830లలో దాన్ని బాగుచేయిస్తూ వైద్యం, సాహిత్యం లాంటి విద్యలను రాతి పలకల మీద చెక్కించాడు. వెయ్యికి పైగా శాసనాలు. చదవగలిగిన వాళ్లెవరైనా వచ్చి చదువుకోవచ్చు. 2011లో యునెస్కో వీటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

కానీ ఆ వైద్యానికీ చెడ్డరోజులు వచ్చాయి. 20వ శతాబ్దం మొదట్లో వైద్య పాఠశాలలో దాని పాఠాలు ఆపేశారు. 1923 చట్టం తర్వాత చాలామంది పల్లె వైద్యులు పక్కకు పోయారు. 1978లో అల్మా అటా ప్రకటన వచ్చాక మూలికల వైపు మళ్లీ చూపు తిరిగింది. 1999లో సంప్రదాయ వైద్య జ్ఞానాన్ని కాపాడటానికి ప్రత్యేక చట్టమే చేశారు.

ఈలోగా ల్యాబుల్లో పరీక్షలు జరిగాయి. సీమ అవిసె ఆకులో రీన్, ఎమోడిన్ లాంటి పదార్థాలున్నాయి. థాయ్ వాళ్లు తామరకి వాడే ఇంకో మొక్క ‘థాంగ్ ఫన్ చాంగ్’, మన నాగమల్లి. అందులో రైనకాంథిన్‌లు ఉన్నాయి. ల్యాబులో ఇవి తామర ఫంగస్‌ను అడ్డుకున్నాయి. ఇవి నీళ్లలో కంటే సారాలో బాగా కరుగుతాయి. ఆకును సారాలో నానబెట్టి పూసే పాత పద్ధతి వెనక ఉన్న లెక్క ఇదే. మాంగోస్టీన్ తొక్కను సున్నపు తేటలో అరగదీసి పుండ్లకు రాసేవాళ్లు. ఆ తొక్కలోని మాంగోస్టిన్, చీము పట్టించే స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుందని తేలింది.

అలాగని రేపే ఆకు నూరి పూసుకోమని చెప్పట్లేదు. ల్యాబు గిన్నెలో ఫంగస్ చావడం వేరు, ఒంటి మీద తగ్గడం వేరు. సారా మందు పుండు మీద పడితే మంట. మేమూ ఇప్పుడు డాక్టరమ్మ ఇచ్చిన మందే వాడుతున్నాం.

మా తాత పోయిన ఏడాది కాలం చేశాడు. మేం గూడెం పిల్లలం నలుగురం కూర్చుని లెక్కేస్తే, ఆయన మందుల్లో మాకు తెలిసినవి మూడే తేలాయి. మిగతావన్నీ ఆయనతోనే మట్టిలో కలిసిపోయాయి. వాట్ ఫో వైద్యం పాఠశాల నుంచి పోయినా రాతి మీద మిగిలింది. మనది నోటి మీదే ఉంది, ఆ నోళ్లు ఒక్కొక్కటే మూగబోతున్నాయి.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తున్నాం కదా. ఒక్క నోటుబుక్కు పట్టుకెళ్దాం. మొదట గూడెం పెద్దల ఒప్పుదల తీసుకుందాం, అది వాళ్ల సొత్తు. ఏ ఆకు, ఏ భాగం, ఎలా వాడతారు, దేనికి వాడకూడదు అన్నీ మన భాషలో ఉన్న పేరుతోనే రాద్దాం. ఆ బుక్కు గూడెంలోనే ఉండాలి. పరీక్షలు తర్వాత చేయొచ్చు, ముందు రాసి ఉంటే కదా.

జై ఆదివాసీ.