రోడ్లు, భవనాల శాఖ: ఖమ్మం–భద్రాచలం అటవీ ప్రాంతం

జనం ఆర్ అండ్ బీ అని పిలిచే తెలంగాణ రోడ్లు, భవనాల శాఖ రాష్ట్ర రహదారులనూ ప్రధాన జిల్లా రోడ్లనూ నిర్మించి నిర్వహిస్తుంది. వాహనాల రిజిస్ట్రేషన్, లైసెన్సులు రవాణా శాఖ పని కాగా, పల్లె రోడ్లు ఎక్కువగా పంచాయతీరాజ్ శాఖవి. ఖమ్మం దాటి భద్రాచలం అడవుల్లోకి వెళ్లేకొద్దీ ఆర్ అండ్ బీ బాధ్యత బరువెక్కుతుంది. రిజర్వు అడవిలో, అంటే ప్రభుత్వం చట్టప్రకారం ప్రకటించి కాపాడే అడవిలో, కొత్త రోడ్డు వేయాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద సాధారణంగా కేంద్ర అనుమతి కావాలి. అది ఆలస్యమైతే వంతెన లేని వాగు అవతలి గూడెం నుంచి రోగిని డోలీలో మోసుకురావలసి వస్తుంది కనుక, దీన్ని కేవలం కాగితాల జాప్యంగా చూడడం తగదు. వంతెన ఉన్నచోట కూడా వరద దారిని ఆపగలదు. విజయవాడ–జగదల్‌పూర్ జాతీయ రహదారిపై భద్రాచలం వద్ద గోదావరి వంతెనను 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. 2022 జూలైలో అక్కడ గోదావరి నీటిమట్టం మూడో ప్రమాద హెచ్చరిక స్థాయి అయిన 53 అడుగులను దాటి 71 అడుగులను మించినప్పుడు ఆ వంతెనపై రాకపోకలు నిలిపివేశారు.